మెట్ల మలుపులో కుర్చీ

2021 మే నెల. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాను. ఫోన్ చేసినవాళ్లంతా ఒకటే అడిగారు, "తగ్గిందా?" అని. తగ్గింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, తొమ్మిది కేజీల బరువూ తగ్గింది. తగ్గకూడనివి కూడా తగ్గాయని ఎవరికని చెప్పను? బాత్రూములో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాను. నాలుగు చెంబులు పోసుకునేసరికి చేతులు లాగేసేవి. తువ్వాలు పిండటం మా ఆవిడ వంతయింది.

మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మొత్తం 34 మెట్లు. ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నా ఆ లెక్క అప్పుడే తెలిసింది. మొదటి అంతస్తు మామ్మగారు మెట్ల మలుపులో నా కోసం ఒక పాత కుర్చీ వేయించారు.

మా అబ్బాయి ఫోన్లో "రోజుకు 10,000 అడుగులు టార్గెట్ పెట్టుకో నాన్నా" అన్నాడు. ఆ అంకె ఏ డాక్టరూ రాసిచ్చిన మందుచీటీ కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికొచ్చింది. దాని పేరు 'మాంపోకెయి', అంటే పదివేల అడుగుల మీటరు. ఒక సరుకు పేరు పట్టుకుని లోకమంతా పార్కుల చుట్టూ తిరుగుతోంది! నా కొలత వేరు, కరెంటు స్తంభాలు. మొదటి వారం గేటు నుంచి ఒక స్తంభం దాకా. మరుసటి వారం రెండు.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి మాత్రం ఫోన్లో అంకె అడిగేది. "ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 లోపు చెప్పండి అంకుల్." సున్నా మానేసి ఆరేమిటమ్మా అన్నాను. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ సైకాలజిస్టు పెట్టిన కొలమానమట. చెప్పిన అంకె పక్కన సున్నా చేరిస్తే సుమారుగా గుండె వేగం వస్తుంది, ఊరికే కూర్చున్నవాడికి 60 అన్న లెక్కన. నేను 11 దాటకూడదు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిందంటే ఆగాలి.

మూడో వారం ఒక పొద్దున ఒళ్లు దూదిపింజలా ఉంది. మా ఆవిడకి చెప్పకుండా రైతు బజారుకెళ్లి, ఆవకాయ కాయలు రెండు సంచులు మోసుకుని గబగబా మెట్లెక్కాను. కుర్చీ వంక చూడనైనా లేదు. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. మూడో రోజు మంచం దిగలేకపోయాను. అలా నాలుగు రోజులు. "ఇది చేసిన రోజున తెలియదు అంకుల్, ఒకటి రెండు రోజులాగి పడేస్తుంది. మీరు భయపడాల్సింది బాగున్న రోజుకే" అంది ఆ అమ్మాయి.

మా అమ్మకి ఇది తెలుసు. ఆవిడ మాట 'తిరగబెట్టడం'. జ్వరం విడిచాక కూడా పాత బియ్యం, బీరకాయ కూర, చారు అంటూ రోజుల తరబడి మంచం దిగనిచ్చేది కాదు. చాదస్తం అనుకునేవాళ్లం. ఆ చాదస్తాన్నే ఇప్పుడు అంకెలతో సహా ఫోన్లో విని బుద్ధిగా రాసుకుంటున్నాను.

మా ఆవిడ "కాస్త ఓపిక పట్టండి" అంటే, "ఓపికే ఉంటే నీతో చెప్పించుకుంటానా" అని విసుక్కునేవాణ్ణి. ఇద్దరం ఒకే మాట వాడుతూ వేరే వేరే సంగతులు మాట్లాడుకుంటున్నాం అనుకున్నాను చాలా రోజులు.

మళ్లీ ఒక స్తంభం నుంచి మొదలు. ఈసారి లెక్క మార్చాను. నడిచిన రోజు ఎలా ఉందో చూసి కాదు, దాని తర్వాతి రెండు రోజులూ సరిగా గడిస్తేనే ఇంకో స్తంభం. ఆగస్టుకి తొమ్మిదో స్తంభం, దాని పక్కన టీ బడ్డీ. ఓ వారం వెనక్కీ తగ్గాను, కారణం ఇప్పటికీ తెలియదు.

దసరా ముందు ఒక సాయంత్రం ఏదో ఆలోచిస్తూ మెట్లెక్కుతున్నాను. మలుపు దాటి రెండు మెట్లు పైకెళ్లాక వెనక నుంచి మామ్మగారి గొంతు వినపడింది.

"ఏం నాయనా, కూర్చోకుండానే పోతున్నావ్?"

చూస్తే తలుపు తీసే ఉంది. పక్కన స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు, మూత పెట్టి. ఇన్ని నెలలూ ఆవిడ ఆ వేళకి తలుపు తీసుకుని కూర్చునేది నా ఆయాసం కోసమే అనుకున్నాను.

రెండు మెట్లు దిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను.