ఎడమ చెవి

2013 ఫిబ్రవరిలో నేను ఇంజినీరింగ్ ఈఈఈ రెండో సంవత్సరం, రెండో సెమిస్టర్. మా వాడుకలో టూ-టూ. కాలేజీ ఎల్బీనగర్ దాటాక ఇబ్రహీంపట్నం దారిలో. హాస్టల్ చైతన్యపురిలో. మాది నల్లగొండ దగ్గర పల్లె. మా వైపు బస్సులు పట్నంలో ముందు ఆగేది ఎల్బీనగర్‌లోనే. అందుకే మా జిల్లా పిల్లలు చాలామంది ఆ చుట్టుపక్కల హాస్టళ్లలోనే చేరేవాళ్లు.

ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు కావస్తోంది. నోట్సు జిరాక్స్ తీయించుకుందామని నేనూ నా రూమ్మేటూ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు వచ్చాం. వాడు షాపు లోపలికి వెళ్లాడు. నేను బయట నిలబడ్డాను. 107 బస్టాపు దగ్గర ఒకటి, ఏ-వన్ మిర్చి సెంటర్ దగ్గర ఇంకొకటి, సైకిళ్లకు పెట్టిన బాంబులు కాసేపటి తేడాతో పేలాయి. రెండోదానికి నేను దగ్గరగా ఉన్నాను.

పేలుడు చప్పుడు నాకు గుర్తు లేదు. ఛాతీ మీద ఎవరో బలంగా తోసినట్టు మాత్రం గుర్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాను. తర్వాత ఏమీ వినపడలేదు. ఎదురుగా ఒకామె నోరు తెరిచి అరుస్తోంది, అరుపు లేదు. నేను లేచి పరిగెత్తాను. కింద పడ్డవాళ్ల పక్కనుంచే పరిగెత్తాను. రూమ్మేట్ ఏమయ్యాడో చూడలేదు. వాడికేమీ కాలేదని, నాకోసం ఆ పొగలో తిరిగాడని రాత్రి ఆసుపత్రిలో తెలిసింది. వాడి మొహం చూడలేకపోయాను.

ఒక ఆటో అన్న నన్ను కొత్తపేటలో ఆసుపత్రి దగ్గర దింపాడు. నా పిక్క నుంచి కారిన రక్తం ఆయన సీటు మీద పడింది. డబ్బులు అడగలేదు. వెంటనే బండి తిప్పుకుని మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వైపే వెళ్లాడు. ఆయన పేరు తెలియదు. బతికి ఉన్నందుకు మొదట దండం పెట్టాల్సింది ఆయనకే.

ఆ సాయంత్రం దెబ్బలకు 18 మంది చనిపోయారు. 130 మందికి పైగా గాయపడ్డారు. వాళ్లలో మాలాగా చదువుకోవడానికి వచ్చినవాళ్లున్నారు.

మొదటి వారం అంతా కాలి గురించే. ఇనుప ముక్కలు తీశారు, కుట్లు వేశారు. కుడి చెవి రెండో రోజుకు తేరుకుంది. ఎడమ చెవిలో సన్నటి ఈల మొదలైంది, ఆగలేదు. కాలికి కట్టు కనపడుతుంది కాబట్టి అందరూ కాలినే అడిగారు. చెవి సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. చిన్న చిల్లయితే రెండు మూడు నెలల్లో దానంతటదే పూడుతుందని, చెవిలోకి నీళ్లు పోనివ్వొద్దని, ముక్కు గట్టిగా చీదొద్దని చెప్పారు.

మార్చి నెల ఇంట్లో గడిచింది. అమ్మ ఒకటే మాట: "చదువు పోతే పోయింది బిడ్డా, పట్నం వద్దు." నాకూ వెళ్లాలని లేదు. కానీ ఆ మాట పైకి అనలేదు. తలుపు గాలికి కొట్టుకున్నా ఒళ్లంతా చెమట పట్టేది. రాత్రి ఒక్కణ్నే బయటికి వెళ్లలేక తమ్ముణ్ని లేపేవాణ్ని. వాడు పదో తరగతి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

జేఎన్‌టీయూ లెక్క ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65కు తగ్గకపోతే వైద్య కారణాలు చూపి, ఫీజు కట్టి మినహాయింపు తెచ్చుకోవచ్చు. 65 కూడా లేకపోతే డిటెన్షన్, ఏడాది పోయినట్టే. నా హాజరు ఆ అంచున ఉందని రూమ్మేట్ ఫోన్ చేసి చెప్పాడు. డిశ్చార్జి కాగితాలన్నీ తీసుకుని తనే ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆ సెమిస్టర్ పోలేదంటే వాడి వల్లే.

ఏప్రిల్‌లో తిరిగి వచ్చాను. ఆ ఎండాకాలం కరెంటు కోతలు ఎలా ఉండేవో అప్పుడు చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కరెంటు పోగానే దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద షాపుల జనరేటర్లు ఒక్కొక్కటే ఢక్కుమని మొదలయ్యేవి. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయేవాణ్ని. మెయిన్ రోడ్డు తప్పించి గడ్డిఅన్నారం సందుల్లోంచి తిరిగి వెళ్లేవాణ్ని.

అసలు భయం ల్యాబ్‌లో ఎదురైంది. డీసీ మోటారు నిలబడి ఉన్నప్పుడు బ్యాక్ ఈఎంఎఫ్, అంటే సప్లైకి ఎదురు నిలిచే వోల్టేజీ, ఉండదు. నేరుగా సప్లై ఇస్తే ఆర్మేచర్‌లోకి కరెంటు విపరీతంగా దూసుకొస్తుంది. అందుకే త్రీ-పాయింట్ స్టార్టర్ వాడతాం. హ్యాండిల్‌ను మెల్లగా జరుపుకుంటూ పోతే చివర ఒక కాయిల్ దాన్ని అయస్కాంతంలా పట్టుకుంటుంది. సప్లై పోతే కాయిల్ వదిలేస్తుంది, స్ప్రింగ్ హ్యాండిల్‌ను వెనక్కి లాగుతుంది. టక్కుమని గట్టిగా చప్పుడవుతుంది. మొదటి రోజు పక్క బ్యాచ్ వాళ్లు మోటారు ఆపారు. నేను టేబుల్ కింద ఉన్నాను. ఎలా వెళ్లానో తెలియదు. కొందరు నవ్వారు. తర్వాత సంగతి తెలిసి ఊరుకున్నారు. నాకు నవ్వు కంటే ఆ మౌనమే కష్టమైంది.

మర్నాడు రెండు చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లాను. ల్యాబ్ టెక్నీషియన్ సార్ చూసి తీయించారు. "ఫీల్డ్ వైరు ఊడితే మోటారు వేగం అదుపు తప్పుతది తమ్మీ. మీటరు కంటే ముందు నీకు చెప్పేది చప్పుడే. వినకుండా ఈ పని చెయ్యలేవు," అన్నారు. నిజమే. బేరింగ్ పాడైనా, లోడు ఎక్కువైనా, బ్రష్ దగ్గర నిప్పురవ్వలు లేచినా యంత్రం గొంతు మారుతుంది. ఏ చప్పుడు నుంచి పారిపోతున్నానో దాన్నే నమ్ముకుని బతకాల్సిన చదువు నాది.

అప్పటి నుంచి ఆయన ప్రతి స్విచ్చికీ ముందు నా వైపు తిరిగి "వేస్తున్నా," "తీస్తున్నా" అని చెప్పేవారు. ఎవరూ ఆయన్ను అడగలేదు. సెమిస్టర్ చివరిదాకా మానలేదు.

అయినా నిద్ర లేదు. మే నెలలో రూమ్మేట్ నన్ను ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎర్రగడ్డ అంటే మన దగ్గర తిట్టు. బస్సులో టికెట్టు అడగడానికి కూడా సిగ్గేసి ముందు స్టాపు పేరు చెప్పాను. అక్కడి డాక్టరమ్మ నన్ను పిచ్చివాడిలా చూడలేదు. పెద్ద ప్రమాదం తర్వాత శరీరం ఇలా ఉలిక్కిపడుతూనే ఉంటుందని, దానికి వైద్యం ఉందని చెప్పింది. మందులు రాసింది. స్టార్టర్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుని, రోజూ తక్కువ వాల్యూమ్‌లో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వినమంది. మొదట్లో వింటుంటే వాంతి వచ్చినట్టయ్యేది. వర్షాకాలం నాటికి చేతులు వణకడం తగ్గింది. హ్యాండిల్ నేనే పట్టుకున్నాను.

ఆ సెమిస్టర్‌లో మెషీన్స్ సబ్జెక్టు పోయింది. సప్లీలో పాసయ్యాను.

చెవి చిల్లు పూడలేదు. మూడో సంవత్సరంలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. చెవి వెనక నుంచి పల్చటి పొర తీసి కర్ణభేరికి అతికించారు. చిల్లు మూసుకుంది. లోపలి నరానికి తగిలిన దెబ్బ మాత్రం నయం కాదన్నారు. ఆడియోగ్రామ్‌లో గీత 4000 హెర్ట్జ్ దగ్గర లోతుగా పడిపోతుంది. ఈల ఇప్పటికీ ఉంది.

ఆ పేలుళ్ల కేసులో 2016 డిసెంబరులో ఎన్ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ రెండు రోజులూ నేను టీవీ పెట్టలేదు. ఆ వార్తతో పాటు ఆ సాయంత్రం వీడియో కూడా వేస్తారు, చప్పుడుతో సహా.

ఇలాంటిది ఎవరికైనా జరగొచ్చు కాబట్టి చెబుతున్నాను. బాంబే కానక్కర్లేదు, బాయిలర్ కావచ్చు, బస్సు ప్రమాదం కావచ్చు. రక్తం కారే చోటుతో పాటు చెవులు కూడా చూపించుకోండి. ఆసుపత్రి కాగితాలు ఒక్కటీ పారేయొద్దు, కాలేజీలో త్వరగా ఇవ్వండి. క్లాసులో మంచి చెవి పాఠం వైపు ఉండేలా కూర్చోండి. నిద్ర రాకపోతే నెలలు ఆగొద్దు. ఇప్పుడు 14416కి ఫోన్ చేస్తే టెలీ-మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ గేటు దాకా నడవడానికి నాకు పట్టినంత ధైర్యం దానికి అక్కర్లేదు.

నేనిప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు పరీక్షించే చోట పనిచేస్తున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్. సైకిల్‌కు రెండుసార్లు కోర్ సాగి ముడుచుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ హోరు 100 హెర్ట్జ్. అది నాకు రెండు చెవులా బాగా వినపడుతుంది. అలారం బీప్ సన్నటిది, ఎడమవైపు నుంచి వస్తే అందదు. దాని పక్కన ఎర్ర లైటు పెట్టమని అడగడానికి చాలాకాలం జంకాను. చెవి సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తారేమోనని భయం. చివరికి చెప్పాను. ఆ వారంలోనే పెట్టారు.