మానాలనుకునే కుర్రాళ్లు

పదహారేళ్ల కుర్రాడికి సిగరెట్ మానాలనిపించాలంటే జబ్బుల భయం ఒక్కటే చాలదు. ఆ వయసుకు కాన్సర్ చాలా దూరపు మాట. మేం వెళ్లిన దంత వైద్య కళాశాలలోని పొగాకు విరమణ కేంద్రంలో కౌన్సెలర్ అందుకే ఊపిరితిత్తుల బొమ్మలతో మొదలుపెట్టరు. "బాబూ, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావు?" అని అడుగుతారు. అయిదు నిమిషాల్లోపే అయితే నికోటిన్ పట్టు గట్టిదని లెక్క.

రెండో ప్రశ్న, ఎవరితో కాలుస్తావని. జవాబు చాలావరకు ఇక్కడే ఉంటుంది. మనిషి సంకల్పానికి మూడు ఆధారాలున్నాయని మనస్తత్వవేత్త ఐజెక్ ఐజన్ 1991లో వివరించారు: ఆ పనిపై తన అభిప్రాయం, తనకు కావలసినవాళ్ల అభిప్రాయం, చేయగలనన్న నమ్మకం. టీ కొట్టు దగ్గర చేరే స్నేహితులంతా కాలుస్తుంటే రెండోది కూలుతుంది. ఇంట్లో నాన్న కాలుస్తున్నా అంతే. ఉత్తరాంధ్ర తీర పల్లెల్లో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే నాయనమ్మలను చూస్తూ పెరిగిన పిల్లలకు పొగ తప్పుగా తోచడమే కష్టం.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. అసలు కీలకం అదే. ఒకసారి మాని, నాలుగు రోజులకే మళ్లీ వెలిగించినవాడు తనవల్ల కాదనుకుంటాడు. చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయని ముందే చెబితే ఆ తడబాటును ఓటమిగా తీసుకోడు. రోజూ కాల్చని పిల్లల్లోనూ ఈ పట్టు మొదలవుతుంది కనుక, ఎప్పుడంటే అప్పుడు మానేస్తానన్న ధీమానూ సరిచేయాలి.

కొట్టు కూడా సంకల్పాన్ని శాసిస్తుంది. 18 ఏళ్లలోపువారికి అమ్మకూడదని, విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. అయినా విడి సిగరెట్ జేబు ఖర్చుకు అందుతుంది. పెట్టెపై 85 శాతం మేర ఉండే హెచ్చరిక బొమ్మ, 2018 నుంచి దానిపై ముద్రిస్తున్న ఉచిత సహాయ నంబరు 1800-11-2356 విడిగా కొనేవాడి చేతికే రావు. సాయం అవసరమైన పిల్లలకే అది కనబడకపోవడం అన్యాయం. విడి అమ్మకాన్ని ఆపాలి.

ఇంట్లో తెలుస్తుందన్న భయం మరో అడ్డు. ఈ కేంద్రంలో కుర్రాడు ఒప్పుకున్నాకే తల్లిదండ్రులను పిలుస్తారు.