నరసాపురంలో లేసు అల్లే వీధి

భీమవరం దాటాక రైలు కిటికీలోంచి వరిచేను కోసం వెతుక్కోవాలి. వీరవాసరం, పాలకొల్లు మీదుగా నరసాపురం దాకా రెండు పక్కలా ఎక్కువగా కనిపించేవి చెరువులే. ఏరియేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. పక్షులు వాలకుండా కొన్ని చెరువుల మీద దారాలు కట్టారు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక వరిచేలు చెరువులవడం ఊపందుకుంది.

ఎదురు సీట్లో పెద్దాయన పాలకొల్లులో దిగాలి. "వరి మీద ఏం మిగులుతుందండి? చెరువుకిచ్చేస్తే ఏడాదికోసారి లీజు డబ్బులు చేతికొస్తాయి. తాగే నీళ్ళే... టిన్నులు కొనుక్కుంటున్నాం, ఆయ్" అన్నారు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా కథా ఇలాంటిదే. 1986లో అక్కడి ప్రభుత్వం మార్కెట్ సంస్కరణలు మొదలుపెట్టింది. ఆ తర్వాత సముద్రానికి దగ్గరి వరిపొలాలు చాలాచోట్ల రొయ్యల చెరువులయ్యాయి. ఇవాళ అమెరికా బజారులో వాళ్ళ రొయ్యా మన రొయ్యా పోటీ పడుతున్నాయి.

విదేశీ బజారు ఈ ప్రాంతానికి కొత్త కాదు. డచ్చివాళ్ళు పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ నరసాపురం పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో బట్టల వ్యాపారం చేసింది, మాదపోలం అనే నూలు బట్టకు ఆ పల్లె పేరే వచ్చింది. 19వ శతాబ్దంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. నన్ను ఇంతదూరం తీసుకొచ్చింది ఆ లేసే.

ఊరి బయటి వీధిలో ఒక ఇంటి అరుగు మీద నలుగురు కూర్చుని అల్లుతున్నారు. అందరిలోకీ పెద్దావిడ పక్కకు జరిగి, "కూర్చోమ్మా, ఎండనపడి వచ్చావు" అంది. ఎడమచేతి చూపుడువేలికి దారం మెలేసుకుని, కుడిచేతిలో కొక్కెం ఉన్న సన్నటి సూదితో ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగుతోంది. మాట నాతో, చూపు నా మీద. వేళ్ళు మాత్రం లెక్క తప్పడం లేదు. నేను మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేసరికి రూపాయి బిళ్ళంత చుట్టు చుట్టూ రేకులు లేచి, పువ్వొకటి తయారైంది. ఇలా పువ్వులు అల్లడం చేతిపని. వాటిని కలిపి టేబుల్ గుడ్డగానో దుప్పటిగానో చెయ్యడం అతుకుపని. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, అల్లినవి లెక్కపెట్టి పట్టుకెళ్తాడు. ఆ దుప్పటి ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో అరుగు మీద ఎవరికీ తెలియదు.

"రోజల్లా అల్లితే ఏమాత్రం వస్తుంది పిన్నిగారూ?" అని అడిగాను.

"కూలికెళ్తే వచ్చేదాంట్లో సగం రాదమ్మా. ఇంటిపట్టున చేసుకునేది కదా అంటారు."

ఆ చివరి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్ళలో తిరిగి, 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకం అచ్చువేశారు. వీళ్ళు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్నా గృహిణులుగానే లెక్కలోకి వస్తున్నారు, తీరిక వేళ కాలక్షేపం కింద జమకట్టడం వల్లే కూలి అంత తక్కువ అని ఆవిడ చూపించారు. గడప దాటకుండా చేసే పనిలో పరువుందనుకున్న కుటుంబాలు ఆ పరువుకు ఎంత ఖరీదు కట్టాయో ఆ పుస్తకంలో ఉంది. అరుగు మీద ఆ లెక్క ఇంకా మారలేదు.

మారింది ఇంకొకటి. పెద్దావిడ కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. మధ్యాహ్నం ఫోన్ మోగింది, ఐఎంఓ కాల్. తెరమీద వంటింటి తెల్లటి పలకలు, వాటి ముందు తలకు గుడ్డ కట్టుకున్న ముప్పై అయిదేళ్ళ మనిషి. "అమ్మా, బీపీ మాత్రేసుకున్నావా? చిన్నది ట్యూషన్‌కెళ్ళిందా?" ఇంకెవరో పిలిచారు, కాల్ కట్టయింది. పెద్దావిడ ఫోన్ పక్కనపెట్టి సూది తీసుకుంది. "ఈ పైకప్పు దాని డబ్బేనమ్మా. పిల్ల మాత్రం నన్నే అమ్మా అంటుంది."

గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు వీధివీధికీ ఉన్నాయి. తల్లి గడప దాటలేదు, కూతురు సముద్రం దాటింది. ఈ తెగువను నేను తక్కువ చెయ్యను. చదువులు, పెళ్ళిళ్ళు, శ్లాబులు ఈ ఆడవాళ్ళ జీతాలతోనే అవుతున్నాయి. కానీ తల్లి చేసినా కూతురు చేసినా అది ఇంటిపని కిందే పోతోంది, అందుకే చౌక. దీన్ని నేను అభివృద్ధి అని మనస్ఫూర్తిగా అనలేకపోతున్నాను.

అరుగు మీద అందరికంటే చిన్నమ్మాయి డిగ్రీ చదువుతోంది. అల్లిన బుట్టలకు, బొమ్మలకు ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతోంది. "ఏజెంటు లేకుండా అమ్మితే మాకే మిగుల్తాదండి" అంది. బెంగళూరు నుంచి ఎవరో బుట్ట కొన్నారట, డబ్బు నేరుగా తన ఖాతాలో పడిందట. ఆ ఊళ్ళో నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది ఇదే.

సాయంత్రం మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళ్ళాను. బైకులు, ఆటోలు, అంతర్వేది వెళ్ళే భక్తులు కిక్కిరిసి ఉన్నారు. ఇక్కడ వంతెన కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు.

మళ్ళీ లేసు దగ్గరికి వస్తే, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇకమీదట ఆ పేరుతో అమ్మే ప్రతి గుడ్డమీదా అల్లిన మనిషికి దక్కే కూలి కూడా ముద్రించాలని నా కోరిక. మీరు హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో నరసాపురం లేసు కొనేటప్పుడు ధర బేరమాడకండి, అల్లినావిడకు ఎంత ఇచ్చారో అడగండి.