యాడికి పోవల్లమ్మా?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఒకసారి పల్లెవెలుగు ఎక్కండి. కారులో పోతే శిరివెళ్ల ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలీదు, మనుషుల మాటా వినబడదు. బస్సులో అట్లా కాదు. సుమారు 40 కిలోమీటర్ల దారి పొడవునా కబుర్లే.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆ కబుర్లలో కొత్త రకం ఒకటి చేరింది. ఆడవాళ్లు గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొడతాడు. బాగుంది కదా? ఆ టికెట్టు చేతికొచ్చేలోపే వెనక సీటు నుంచి ఒక గొంతు లేస్తుంది. "ఫ్రీ గదా! ఇంట్లో పనిల్యాక తిరుగుతాండారు." పేరు పెట్టి ఎవర్నీ అనలేదు, అందుకే అందరికీ తగులుతుంది. సంచిలో స్కానింగు కాయితాలు పెట్టుకొని నంద్యాల పెద్దాసుపత్రికి పోయే ఆమెకు మరీ తగులుతుంది. జవాబు చెప్పదు. కొంగు సర్దుకొని కిటికీ వైపు తిరుగుతుంది. కొందరైతే ఏదో తప్పు చేసినట్టు లేచి సీటిచ్చేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ మాట అన్న పెద్దమనిషికి 60 దాటింటే ఆయన టికెట్టులోనూ 25 శాతం రాయితీ ఉంది. "ముప్పావు టికెట్టు గదా మామా, ముప్పావు సీట్లోనే కూచో" అని ఆయన్ని ఎవరైనా అన్నారా? ఆర్టీసీకి డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి, ప్రభుత్వానికి మనందరం కట్టాలి. సబ్బు కొన్నా చెప్పులు కొన్నా పన్ను కట్టే ఆ తల్లి కూడా అందులో ఉంది. డబ్బిచ్చి నిలబడాల్సి వస్తే మగాళ్లకు కడుపుమంట ఉండదా అంటారేమో, ఉంటుంది, కాదనను. ఆ మంట చూపించాల్సింది బస్సులు పెంచమని డిపో మేనేజరు దగ్గర.

కండక్టర్లనూ గమనించండి. ఒకాయన "ఆధార్ తియ్యి, బిన్నా తియ్యి" అంటాడు. ఇంకొకాయన "యాడికి పోవల్లమ్మా? కార్డు చూపీ తల్లీ" అంటాడు. పట్టే సమయం ఒకటే. రెండో ఆయన బస్సు దిగేటప్పుడు ఆడవాళ్లు "పోయొస్తాం నాయనా" అని చెప్పి మరీ దిగుతారు. మొదటాయన్ని పూర్తిగా తప్పు పట్టలేను లెండి. "నీ జేబులోంచి ఇస్తాండావా?" అని పొద్దున్నుంచీ ఎంతమందితో అనిపించుకున్నాడో!

ఇచ్చేటప్పుడు ఎట్లా ఇవ్వాలో నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు, ఆళ్లగడ్డ పక్కనే అహోబిలం ఉంది. కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు పల్లకీ ఎక్కి నలభై రోజుల పైచిలుకు పల్లెలు తిరుగుతారు. ఎందుకంటారా? ఫాల్గుణంలో తన పెళ్లికి రమ్మని జనాన్ని నరసింహస్వామి స్వయంగా పిలుచుకోవడానికట. చెంచులక్ష్మిని చేసుకొని చెంచులకు అల్లుడైనవాడు మరి, పిలుపు లేకుండా చుట్టాలు రారని ఆయనకు తెలుసు. పిలవకపోయినా జనం పోరా? పోతారు. అయినా ఆయన "దర్శనం ఉచితమే, కావాల్సినోళ్లు రాండి" అని కొండ మీద కూచోలేదు. ముప్పైకి పైగా ఊళ్లకు పోయి, అక్కడ పల్లకీ దించుకొని మరీ పిలుస్తాడు.

సీమ మాట మొరటని బయటోళ్లు అంటుంటారు. సినిమాల పుణ్యం! గొంతు మొరటే, ఒప్పుకుంటా. "అన్నం తిని పో సామీ" అని చెయ్యి పట్టుకొని కూచోబెట్టేదీ ఆ గొంతే. మరి బస్సెక్కేసరికి దానికేమైందో!

ఈసారి ఆ వెనక సీటు గొంతు మీ పక్కనే లేస్తే గొడవ పెట్టుకోవద్దు. "లేయొద్దమ్మా, కూచో" అని ఆమెతో కాస్త గట్టిగా అనండి చాలు. ఆయనకూ వినబడుతుంది.