మాచర్లలో ఇరవై రోజులు

పల్నాటిని ఎకసెక్కెమాడిన యాత్రికులలో ప్రసిద్ధుడు శ్రీనాథ మహాకవి. రెడ్డిరాజుల కొండవీటి ఆస్థానంలో సుఖభోజనానికి అలవాటుపడిన ఆయన ఇక్కడి రాళ్ళనూ, జొన్నకూటినీ, నీటి ఎద్దడినీ వెక్కిరించాడని చెప్పే చాటువులు నేటికీ ప్రచారంలో ఉన్నాయి. ఈ కాలపు వారు వెక్కిరించరు, భయపెడతారు. వేసవి సెలవులలో పిల్లలకు దీనీ తరగతులు చెప్పడానికి మాచర్ల వెళుతున్నానన్నప్పుడు గుంటూరులో నాకు లభించిన సలహాలన్నీ ఒకటే: "చీకటి పడ్డాక బయట తిరగకండి."

సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణం సంకల్పించి ఊరు దాటినవాడు ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదిస్తాడు. అయితే ఒకేచోట పదిహేను రోజులు లేక అంతకు మించి ఉండాలని సంకల్పిస్తే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అతడు ముఖీమ్, ఆ ఊరివాడే. నా సంకల్పం ఇరవై రోజులు. కనుక మాచర్లలో దిగినప్పటి నుండి పూర్తి నమాజులే చేశాను. ఆతిథ్యం మూడు రోజులేనని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. నాలుగవ రోజు నుండి నాకు ప్రత్యేక వంటకాలు తగ్గి, ఇంటివారు తినే జొన్నరొట్టె, గోంగూర రాసాగాయి. శ్రీనాథుని తీర్పుతో నేను ఏకీభవించను. వేడి జొన్నరొట్టెను ఆయనకు ఎవరూ సరిగా వడ్డించలేదేమో!

మాచర్ల అంటే నాపరాయి. ఇంటి నేల అదే, అరుగు అదే, పొలానికి కంచెగా పాతినదీ అదే. మస్జిదు వరండాలోని బండలు ఫజ్ర్ వేళ చల్లగా, జుహ్ర్ వేళ కాలు మోపనీయకుండా ఉండేవి. రాతి కోత యంత్రాల మోత పగలంతా వినిపించేది. పాఠానికి వచ్చే పిల్లల తండ్రులలో కొందరి కనుబొమల మీద ఆ తెల్లని దుమ్ము వుజూ చేసుకున్నాక గాని పోయేది కాదు.

ఆ వుజూ నీళ్ళే ఇక్కడ పెద్ద సంగతి. నాగార్జునసాగర్ ఎంతో దూరంలో లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. కుడికాలువ పల్నాటిలో ఎన్నో ఊళ్ళకు వరి అన్నం తినిపించింది. కాని నీరు పల్లమెరుగును. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మెట్టభూములు కాలువకు ఎత్తున ఉన్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం అక్కడివారు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు. దైవప్రవక్త (స) ఒక ముద్దు, అంటే లీటరుకు తక్కువ నీటితో వుజూ చేసేవారన్న హదీసును నేను ఏళ్ళ తరబడి బోధించాను. ఆ మెట్ట ఊళ్ళ నుండి వచ్చిన పిల్లలకు అది బోధించనక్కర లేకపోయింది. చిన్న చెంబుతో ముగించి, మిగిలిన నీటిని వేపమొక్కకు పోసేవారు.

వారిలో పదకొండేళ్ళ బాలుడొకడు ఎప్పుడూ గుమ్మం కనబడేలా కూర్చునేవాడు. గ్రామ తగాదాలో తండ్రిని పోగొట్టుకొని, తల్లితో పట్టణానికి వచ్చాడని తరువాత తెలిసింది. ఒకనాడు సూరా హుజురాత్‌లో, విశ్వాసుల రెండు వర్గాలు పోరాడుకుంటే వారి మధ్య సంధి చేయమన్న ఆయతును వివరిస్తున్నాను. ఇదే జిల్లాలో, కారంపూడిలో, 12వ శతాబ్దంలో దాయాదులు కొట్టుకుని నశించిన కథ పిల్లలందరికీ తెలుసు. అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడు కూడా ఆ యుద్ధాన్ని ఆపలేకపోయాడు. మన దస్తర్‌ఖాన్‌ను తలపించే ఆ పంక్తి గురించి చెబుతుండగా ఆ బాలుడు లేచాడు.

"హజ్రత్, ఇద్దరికీ మాటల్లేవు. ముందు సలాం ఎవరు చెప్పాలి?"

మూడు రోజులకు మించి సోదరునితో మాట మానరాదనీ, ముందుగా సలాం చెప్పినవాడే ఉత్తముడనీ హదీసు చెప్పాను.

"వాళ్ళు మా నాన్నను చంపినవాళ్ళయితే?"

తరగతి నిశ్శబ్దమైంది. ప్రతీకారం కోరడం, న్యాయస్థానాన్ని ఆశ్రయించడం, క్షమించడం, ఈ మూడూ ఒకటి కావనీ, న్యాయం కోరడం వారసుల హక్కనీ, ఆ హక్కును విడిచిపెట్టమని బలవంతం చేసే అధికారం నాతో సహా ఎవరికీ లేదనీ చెప్పాను. కత్తి మాత్రం మన చేతిలోది కాదన్నాను. వాడు తల ఊపలేదు, కూర్చున్నాడు.

చివరి రోజున పిల్లలందరూ చేయి కలిపి వీడ్కోలు చెప్పారు. వాడు వచ్చి, "వచ్చే వేసవికి వస్తారా హజ్రత్?" అని అడిగాడు. "ఇన్షా అల్లాహ్" అన్నాను. "అయితే ఈసారి నలభై రోజులుండండి" అన్నాడు.