బోనులోనే తడిపే కుక్కపిల్ల

ఈసారి శెనక్కాయ గురించి కాదు, చీనీ రేటు గురించి కూడా కాదు. కుక్కపిల్ల గురించి రాస్తాండా. నవ్వొద్దండి, పని ఉండే సంగతే.

చేనుకో, గొర్రెల దొడ్డికో కాపలా అని మనమందరం ఎప్పుడో ఒకప్పుడు కుక్కపిల్లను తెచ్చుకున్నోళ్లమే. వాటిలో శానా పిల్లలు ఏడాది తిరిగేలోపల ఊరి బయట చెత్తకుప్పల కాడ కనబడతాయి. యాల వదిలేసినావప్పా అంటే ఎక్కువ మంది చెప్పేది ఒకటే మాట: "ఇల్లంతా కంపు చేస్తాంది, ఇంట్లో ఆడోళ్లు ఊరుకోవడం లేదు." అట్లా వదిలేసిన పిల్లలే పెద్దయి గుంపులు కట్టి మన గొర్రెపిల్లల మీద పడతాయి. ఒంటికి, రెంటికి ఎక్కడ పోవాలో పిల్లకు నేర్పడం చిన్న పనిలాగా కనబడుతుంది గానీ, అది ఇంట్లో ఉంటుందా ఊరి మీద పడుతుందా అనేది దాంతోనే తేలుతుంది.

మా ఇంటి సంగతి చెప్తా. పోయినేడు అడవిపందులు కాయ పట్టే టయానికి చేన్లో పడి సాళ్లకు సాళ్లు తవ్విపోసినాయి. ఈ మే నెలలో రెండు నెలల నల్ల కుక్కపిల్లను తెచ్చినా. నల్లోడు అని పేరు. మా కాలంలో కుక్కపిల్లను రాత్రిపూట కోళ్లగంప కింద మూసి, పైన రాయి పెట్టేవాళ్లు. మా పెద్దోడు బెంగళూరులో ఉంటాడు. "గంప వద్దు నాయనా, అక్కడ అందరూ ఇనుప బోను పెడతారు" అని మడిచిపెట్టే బోనొకటి పంపించినాడు. బోను మంచిదే. వసారాలో పెట్టి, కింద గోనెసంచి పరిచి, పిల్లను పండబెట్టినాం. తెల్లారి చూస్తే బోనులోనే ఒంటికి, రెంటికి రెండూ. రెండో దినమూ అంతే, ఐదో దినమూ అంతే.

మా ఇంటామె పొద్దున్నే వసారా కడిగి కడిగి విసిగిపోయి చెప్పేసింది: "పది దినాలు చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే తీసకపోయి చేన్లో కట్టెయ్." రెండు నెలల పిల్లను రాత్రి చేన్లో కట్టేస్తే నక్కకు అప్పజెప్పినట్లే. ఆమెను తప్పుబట్టలేను, కడిగేది ఆమె.

ఊర్లో సలహాలకు కొదవలేదు. ముక్కును అందులో అద్దు అన్నాడొకాయన. చీపురు తిరగేసి రెండు తగిలించు అన్నాడింకొకాయన. కొట్టి పెంచిన కుక్కను మా పక్కింట్లోనే చూసినా. అది నేర్చుకున్నది బయటికి పోవడం కాదు, మనిషి కంటబడకుండా పోవడం. గింజల బస్తాల వెనకాల, మంచం కింద, ఎవరూ లేనప్పుడు కానిచ్చేది. తడిపిన గంటకు మనం కొడితే దేనికి కొడతాండామో కుక్కకు అర్థం కాదు. మనిషిని చూస్తే భయపడాలని మాత్రం అర్థమవుతుంది.

అందుకని కొట్టడం పక్కనబెట్టి, రెండు రాత్రులు అది ఏం చేస్తాందో చూసినా. ఈ మూల గోనె మీద పడుకుంటాంది, లేసి ఆ మూలకు పోయి పని కానిచ్చి, మళ్లీ వచ్చి ఈ మూల పడుకుంటాంది. అంటే దానికి శుభ్రం తెలుసు! పడుకునే చోటు వేరు, దొడ్డి వేరు అని అదే భాగం పెట్టుకుంది. కుక్క జాతి గుణమే అంత. మూడు వారాల దాకా తల్లే నాకి శుభ్రం చేస్తుంది, ఆ తర్వాత పిల్లలు తప్పటడుగులతోనే పడకను వదిలి పక్కకు పోవడం మొదలుపెడతాయి. పందిని మురికిది అంటాం గానీ చోటిస్తే అది కూడా పడుకునే తావున పెంట వెయ్యదు. మావోడు పంపిన బోను పెరిగిన కుక్కకు సరిపోయేది. పిల్లకు అది బోను కాదు, రెండు గదుల ఇల్లు.

బోనులో అడ్డంగా చెక్కపలక నిలబెట్టి, వెనకాల ఇటుకలు ఆనించినా. పిల్ల నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి, అంతకు మించి చోటు ఉండకూడదు. పెరిగేకొద్దీ పలకను వెనక్కి జరుపుతా పోవాలి. గోనెసంచి కూడా తీసేసినా. గోనె తడిని పీల్చేస్తే పిల్లకు తడిపిన బాధే తెలియదు. అలవాటు కుదిరినాక మళ్లీ వేసుకోవచ్చు.

చోటు సరిచేస్తే సగం పనే అయినట్లు. రెండోది టైము. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదు, అదీ మహా అయితే. రెండు నెలల పిల్ల అంటే మూడు గంటలు. రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఐదుకు తెరిస్తే అది బోనులో పొయ్యక ఏం చేస్తుంది? మొండితనం కాదు, తిత్తి చిన్నది. నిద్ర లేస్తూనే ఒకసారి, మేత తిన్న పావుగంట ఇరవై నిమిషాలకు ఒకసారి, ఆడి అలిసినాక ఒకసారి బయటికి తీసకపోవాలి. మేత రోజూ ఒకే వేళకు పెడితే రెంటికి పోయేది కూడా వేళకే వస్తుంది. రాత్రి మేత ఏడుకల్లా ముగించాలి. నీళ్లు మాత్రం పగలు ఆపొద్దు, మన ఎండలకు పిల్ల తట్టుకోలేదు.

రాత్రి ఎవరు లేస్తారు అంటారేమో. నాకు సుగరు. ఒంటిగంటకు నేనెట్లాగూ ఒంటికి లేస్తా, వాడూ నాతోనే వస్తాడు. నాలుక్కు చీనీ చెట్లకు నీళ్లు తిప్పేదానికి లేవాల్సిందే, అప్పుడు ఇంకోసారి. పడుకునే ముందు పదింటికి ఒకటి. రైతు ఇంట్లో రాత్రి మూడుసార్లు లేసేది కొత్తేం కాదు. బయటికి తెచ్చినప్పుడు ఆడించకూడదు. ఒకే చోట నిలబెట్టి, పని కాగానే అప్పుడే "భలే" అని వీపు నిమిరి, రొట్టెముక్క పెట్టాలి. ఇంట్లోకి వచ్చినాక పెడితే దేనికి పెట్టినామో దానికి తెలియదు.

పగలంతా బోనులో మూసి అందరూ చేనుకు పోతే ఈ చదువు అబ్బదు. మేం నల్లోన్ని గంపలో పెట్టుకుని తోటకు తీసకపోయినాం.

మూడోది వాసన. ఎక్కడ వాసన ఉంటే అక్కడే మళ్లీ పోస్తుంది. సబ్బునీళ్లతో కడిగి ఎండనియ్యాలి. ఫినాయిల్ మాత్రం వద్దు, పిల్ల కాళ్లు నాక్కుంటే దానికి విషం. పార్వో జబ్బుతో కుక్క చచ్చిన ఇల్లయితే బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో నానబెట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆ వైరస్ మామూలు కడుగుడుకు చావదు.

ఇంక శానామంది పట్టించుకోని సంగతి, బయట ఏ చోటు చూపించాలి అనేది. గడ్డివామి పక్కన వద్దు, కళ్లంలో వద్దు, గొర్రెలు మేసే గట్టున వద్దు, పిల్లకాయలు ఆడే మట్టిలో అసలు వద్దు. కుక్క పేడలో పోయే పురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. అవి పిల్లకాయల చేతుల మీదుగా నోట్లోకి పోతే కడుపులో, ఒక్కోసారి కంట్లో కూడా చేరతాయి. కొన్ని గొర్రెలు ఒకే పక్కకు గిర్రున తిరిగి పడిపోతాయి చూడండి, అది కుక్క పేడ నుంచి వచ్చే బద్దెపురుగు గుడ్లతోనే. ఆ గొర్రె తలకాయను మళ్లీ కుక్కలకు పడేస్తే మెదడులోని నీటితిత్తి నుంచి కుక్కకు పురుగు, కుక్క నుంచి మళ్లీ మందకు. కాబట్టి తలకాయ పాతిపెట్టండి, పచ్చిది కుక్కకు వెయ్యొద్దు. మేం దిబ్బకు దూరంగా ఒక మూల చూపించి, రెంటికి పోయినప్పుడల్లా పారతో మట్టి కప్పుతాం. పురుగుల మందు పిల్లప్పుడే మొదలుపెట్టాలి. పార్వో సూది ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకు ఒకటి. మూడు నెలలకు రేబిస్ సూది, ఆ తర్వాత ఏటేటా. జులై 6 జూనోసిస్ దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, మావోనికి ఆ దినమే వేయించినా.

ఇవన్నీ చేసినా బోను తడుస్తాంటే జబ్బేమో చూడండి. మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తే మూత్రంలో చీము ఉండొచ్చు. నెత్తురు కలిసిన నీళ్ల విరేచనం, వాంతులు అయితే పార్వో, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసకపోవాలి, రేపటికి పెట్టుకుంటే దక్కదు. పెంటలోనే పెరిగి వచ్చిన పిల్లలకు శుభ్రం అనే గుణమే చచ్చిపోయి ఉంటుంది, వాటికి ఇంకా నెలో రెండు నెలలో ఓపిక పట్టాలి.

మా నల్లోడు తొమ్మిదో దినం రాత్రి బోనులో కుయ్ కుయ్ అన్నాడు. నాకన్నా ముందు మా ఇంటామెకే వినిపించింది. "లెయ్యి, వాడు పిలుస్తాండాడు" అనింది. ఆ రాత్రి నుంచి చేన్లో కట్టెయ్యమనే మాట రాలేదు. ఆ తర్వాత కూడా ముసురు పట్టిన రోజుల్లో రెండుసార్లు తడిపినాడు, ఆమె మాట్లాడకుండా కడిగింది.

ఇప్పుడు వానికి ఐదో నెల. రాత్రంతా ఆపుకుంటాడు, పొద్దున బోను తలుపు తియ్యగానే నేరుగా ఆ మూలకే ఉరుకుతాడు. ఈ కారుకు పందుల మీదికి పంపే వయసు కాదు, అరుపు మాత్రం వచ్చింది. మీ ఇళ్లలో పిల్లలకు గంప కిందైనా, బోనులోనైనా ఎట్లా నేర్పినారో రాయండి. పిల్లను వదిలెయ్యాలనుకునే వాళ్లుంటే వాళ్లకు ఒక మాట: పది దినాలు రాత్రి నిద్ర చెడగొట్టుకుంటే పదేళ్లు కాపలా కాస్తుంది. మన పంటల్లో ఇంత లాభం ఉండేది ఏదీ లేదు.