లెఫ్ట్ కార్నర్‌కి ఎంత పెట్టొచ్చు?

మాది మామిడిపల్లి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కనే. మా ఊళ్లో కబడ్డీ ఆడితే ఒక వింత తగాదా వస్తుంది. కూతకు వెళ్లినవాడి నెత్తి మీదుగా విమానం పోతే ఆ మోతలో వాడి కూత ఆగిందో లేదో ఎవరికీ వినబడదు. "ఆపిండు" అని వీళ్లు, "ఆపలే" అని వాళ్లు. విమానం ఢిల్లీ సగం దూరం పోయేదాకా ఇక్కడ పంచాయితీ తెగదు.

ఆ మట్టిలోనే నేనూ, మా దోస్తూ ఆట నేర్చుకున్నాం. నాకు కూత ఇష్టం. వాడు మాత్రం మొదటి నుంచీ ఎడమ మూల వదల్లేదు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి 'వాడు' అనే అంటాను. ఇప్పుడిద్దరం ఇదే కాలేజీలో ఉన్నాం, బ్రాంచీలే వేరు.

పోయిన సెమిస్టర్ మన కబడ్డీ లీగ్ వేలం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరు జట్లు, ఒక్కో కెప్టెన్‌కి 1000 పాయింట్లు. మాకు వేలం కొత్తేం కాదు, మా మండలం బాలాపూర్. 1994లో 450 రూపాయలకు పోయిన గణపతి లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. పాట పెరుగుతుంటే మనిషికి ఒంట్లో ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. అయినా నా వంతు వచ్చేసరికి నాకూ అదే అయింది.

వేలానికి ముందు రోజు రాత్రి హాస్టల్లో పెద్ద చర్చ. అసలు డిఫెండర్‌కి పెద్ద ధర పెట్టొచ్చా?

వద్దన్నవాళ్ల లెక్క తేలిగ్గా కొట్టేసేది కాదు. మెయిన్ రైడర్ ఒక మ్యాచ్‌లో పదిహేను, ఇరవై సార్లు కూతకు వెళ్తాడు. ఒక్క రైడ్‌లో ఇద్దరు ముగ్గుర్ని తాకి రావచ్చు, పైన బోనస్ కూడా ఉంది. కార్నర్ మాత్రం రైడర్ తన వైపు వచ్చేదాకా ఆగాలి. పట్టినా ఒక్క పాయింటే. సూపర్ ట్యాకిల్ అయితే రెండు, కానీ దానికి మనవాళ్లు ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలి ఉండాలి. పైగా కార్నర్ ఒక్కడే పట్టలేడు. వాడు కాలు దొరకబుచ్చుకున్నా, పక్కనున్న కవర్ సమయానికి రాకపోతే రైడర్ వాణ్ని ఈడ్చుకుంటూ గీత తాకేస్తాడు.

ఇంకో వైపువాళ్లు ప్రో కబడ్డీ పదో సీజన్ ముందు పెట్టారు. 2023 అక్టోబర్ వేలంలో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. ఒక్కో జట్టు చేతిలో ఉన్నదే 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్క రైడర్‌కే. పవన్ తన పని తాను చేశాడు, 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున మిగిలింది.

అదే వేలంలో పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలు పెట్టి మహ్మద్‌రెజా షాద్లూయీని తీసుకుంది. ఇరాన్ కుర్రాడు, లెఫ్ట్ కార్నర్. ఆ సీజన్‌లో 99 ట్యాకిల్ పాయింట్లతో డిఫెండర్లలో మొదటివాడు అయ్యాడు. 2024 మార్చి 1న మన గచ్చిబౌలిలోనే జరిగిన ఫైనల్లో పుణే 28-25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి కప్పు ఎత్తింది. తర్వాతి సీజన్‌కి అదే హర్యానా 2 కోట్ల 7 లక్షలు పెట్టి అతణ్ని తెచ్చుకుంది. ఈసారి కప్పు హర్యానాది.

"అంటే షాద్లూయీ ఒక్కడే గెలిపించిండా? అస్లాం ఇనాందార్ లేడా? మిగతా డిఫెన్స్ లేదా?" అని ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కడి వల్ల కప్పు రాదు, నిజమే. కానీ ఆ మాట పవన్‌కీ వర్తిస్తుంది కదా! రైడర్‌కి కోట్లు పెట్టినప్పుడు ఎవరూ ఆ ప్రశ్న అడగరు. డిఫెండర్ దగ్గరకొచ్చేసరికే అందరికీ 'టీమ్ గేమ్' గుర్తొస్తుంది.

ఆ రాత్రి డిఫెండర్ల తరఫున ఎక్కువసేపు వాదించింది నేనే. తెల్లారి వేలంలో చేసింది వేరు.

పేరున్న రైడర్ పాట మొదలైంది. 300 అన్నారు, 400 అన్నారు. వెనక నుంచి ఈలలు. 520 దగ్గర సుత్తి పడింది. వాడు నా జట్టుకే! స్టేజీ మీద ఫోటో కూడా దిగాను.

మావాడి పేరు వచ్చేసరికి నా దగ్గర 310 మిగిలాయి. ఇంకా నలుగుర్ని కొనాలి. 100 అన్నాను. ఎదుటివాళ్లు 150. నేను 170. వాళ్లు 180. నేను ఆగిపోయాను.

ఎందుకు ఆగానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పాయింట్లు తక్కువున్నాయన్నది సగం నిజం. ఇంకో 50 పెట్టగలిగేవాణ్ని. ఊరోడని కొన్నాడంటారేమో అన్న భయం కొంత. అన్నిటికన్నా పెద్ద కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాడెట్లాగూ మనోడే, చవగ్గా వస్తాడని మొదటే లెక్కేసుకున్నాను. వాడి విలువ అందరికన్నా బాగా తెలిసింది నాకే, తక్కువ కట్టింది కూడా నేనే.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. పహాడీషరీఫ్ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. దిగేముందు వాడే అన్నాడు: "లైట్ తీస్కో బై. గానీ రాత్రంత మస్తు మాట్లాడినవంట గద, డిఫెండర్ల గురించి." తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

లీగ్‌లో మా మూడో మ్యాచ్ వాడి జట్టుతోనే. ఆ రోజు మా 520 పాయింట్ల రైడర్‌ను వాడు మూడుసార్లు పట్టాడు. మూడూ యాంకిల్ హోల్డే. బోనస్ కోసం కాలు చాచడం, వాడు కిందికి జారి మడమ అందుకోవడం. వాడి ఖాతాలో మొత్తం ఆరు ట్యాకిల్ పాయింట్లు. మేం నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

గీత బయట నిలబడి చూస్తుంటే రాత్రి చర్చలో ఎవరికీ తట్టని సంగతి ఒకటి కనబడింది. రైడర్‌ను పడితే స్కోర్‌బోర్డు మీద ఒక్కటే పెరుగుతుంది. కానీ వాడు బెంచీ మీదకు పోతాడు. మనవాళ్లెవరైనా పాయింటు తెచ్చి వాణ్ని లేపేదాకా అక్కడే కూర్చోవాలి. ఆ రోజు మావాడు బయట కూర్చున్న నిమిషాలు, వెళ్లలేకపోయిన రైడ్లు ఏ లెక్కలోనూ రాలేదు. కార్నర్ తెచ్చిన పాయింట్లు లెక్కపెట్టాం గానీ, వాడు రాకుండా చేసినవి ఎవరం లెక్కపెట్టలేదు.

కాబట్టి నా జవాబు ఇది. ప్రతి డిఫెండర్‌కీ పెద్ద ధర పెట్టక్కర్లేదు. పక్కన మంచి కవర్ లేకుండా కార్నర్ ఒక్కణ్నే కొంటే ఆ డబ్బు దండగే. కానీ ఎదుటి జట్టు మెయిన్ రైడర్‌ను బయట కూర్చోబెట్టగలిగేవాడు దొరికితే, వాడికి రైడర్‌తో సమానంగా పెట్టాల్సిందే.

మ్యాచ్ అయ్యాక వాడి దగ్గరకెళ్లి, "తప్పు నాదేరా" అన్నాను. "తెల్సు" అన్నాడు, నవ్వుతూ. ఆదివారం మళ్లీ ఊళ్లో ఆడాం, విమానం వచ్చినప్పుడు మళ్లీ కొట్లాడుకున్నాం.

వచ్చే సెమిస్టర్ వేలం ఉంది. మిగతా అయిదుగురు కెప్టెన్లకు ముందే చెబుతున్నాను: లెఫ్ట్ కార్నర్ పాట నేను 400 నుంచి మొదలుపెడతాను. ఊరోడని కొన్నాడంటారా, అనుకోండి.